ట్యాంకు నింపి దాచిన మిషన్లు

జూన్ 9

అక్కా,

నేను అలగలేదు. ముందు ఆ మాట రాసి కింద గీత కూడా గీశాను, చూడు.

మీరు క్యాంపు వ్యాను ఎక్కుతుంటే నేను బయటికి రాలేదని అమ్మతో ఏమన్నావట? "చిట్టికి ఉద్యోగం దొరకలేదని దిగులు, దాని మానాన దాన్ని వదిలేయండి" అన్నావట. ఆ మాట అమ్మ దగ్గర్నుంచి టైలరమ్మకి, టైలరమ్మ దగ్గర్నుంచి వీధి చివరి పాల బూతు దాకా నడిచి వెళ్లింది. ఇప్పుడు నేను పాల ప్యాకెట్టుకి వెళ్తే బూతు ఆయన చిల్లరతో పాటు జాలి కూడా చేతిలో పెడుతున్నాడు. ఈ ఇంట్లో నేను మాట్లాడకపోతే అలక, మాట్లాడితే పొగరు, నవ్వితే అనుమానం. ఉద్యోగం దొరక్క కాదక్కా, దొరికినదాన్ని నేనే వదిలేసి వచ్చాను. ఆ ఆఫీసులో ఫ్యాను తప్ప తిరిగేది ఒక్కటి లేదు.

నేను బయటికి రాకపోవడానికి కారణం బావ. ఆ రోజు జరిగింది నీకు తెలుసు. నా వైపు నుంచి ఎవరూ అడగలేదు కాబట్టి నేనే రాస్తున్నాను.

మన షెడ్డులో రెండు డబ్బాలు. తెల్లదాంట్లో జనరేటరు తాగే ఉత్త పెట్రోలు. ఎర్రదాంట్లో రంపం మిషన్లు తాగే నూనె కలిపిన పెట్రోలు. ఉత్తది పోస్తే రంపం మిషన్ గొంతెండి చస్తుందని పాకే వయసులోనే మనిద్దరికీ తెలుసు. కలప డిపో మేనేజరు వాళ్ల పెద్ద మిషన్ తెచ్చిన రోజు నేను కిటికీ దగ్గర కూర్చుని ఆకురాయితో చైను పళ్లు రుద్దుతున్నాను. బావ మేనేజరుకి జోకు చెబుతూ, చూడకుండా చెయ్యి చాపి, తెల్ల డబ్బా తీసి పోశాడు. ట్యాంకులోకి దిగింది నీళ్లంత తెల్లగా ఉంది. నేను "బావా!" అని అరిచేలోపే తాడు లాగేశాడు. ఆ చప్పుడులో నా అరుపెంత? దుంగ సగం తెగిందో లేదో, మిషన్ కీచుమని బిగుసుకుపోయింది.

తర్వాత టీ దగ్గర మేనేజరు "పెట్రోలు ఎవరు పోశారు?" అనడిగాడు. బావ తడుముకోలేదు. "ఇంకెవరు, మా ప్రొఫెసరమ్మ! నూనె కలిపే పాఠం సిలబస్‌లో లేదటండీ" అన్నాడు. అందరూ నవ్వారు. మేనేజరు నవ్వుకి కప్పులో టీ సాసర్లోకి వచ్చింది. నువ్వూ నవ్వావు. నాన్న మాత్రం లేచి, నా మేకుకి వేలాడే షెడ్డు తాళంచెవి తీసి జేబులో వేసుకున్నాడు. డిగ్రీ చదువుతున్న రోజుల్లో కూడా సెలవులన్నీ గడిపిన షెడ్డు అది.

నేనడిగేది ఒక్కటే. "పోసింది నేనే" అని బావ నాన్నకొక ముక్క, మేనేజరుకొక ముక్క రాయాలి. నవ్వించినవాడు రాయలేడా?

చిట్టి


జూన్ 20

చిట్టీ, బంగారం,

నీ ఉత్తరం చదివి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇక్కడ కొండ మీద ఫోను పలకదు, వ్యాను డ్రైవరు ఎప్పుడొస్తే అప్పుడే ఉత్తరం. ఇన్నాళ్లు ఎదురుచూసిన ఉత్తరంలో కూడా తగవేనా?

ఇక్కడ రేకుల కింద కాపురం. వాన పడితే నేను చెప్పేది ఆయనకి వినపడదు. అదొక్కటే ఆయనకి సుఖం. స్టోరు నా చేతిలో పెట్టారు. తాళ్లు, హెల్మెట్లు, బూట్లు అన్నీ నేనే ఇవ్వాలి. కిందటి వారం వచ్చిన పెట్టెలో అన్నీ ఎడమ కాలి బూట్లే! కరెంటు లైను కింద చెట్లు కొట్టేవాళ్లంతా ఒంటికాలి మీద లేచారు నా మీదికి.

ఇక నీ సంగతి. ఎవరు పోస్తే ఏంటే? అయిందేదో అయింది. డిపో మిషన్లన్నీ వానాకాలం మన షెడ్డులోనే దాచడానికి ఇచ్చారు కదా. అక్టోబర్లో పరీక్ష నెగ్గితే ఏడాదంతా డిపో పని మనదే. ఇలాంటి టైంలో తప్పు ఆయనదని తేలితే మేనేజరు ఇంకెవరినో చూసుకుంటాడు. నీ పేరు మీద ఉంటే ఏం పోతుంది? నీకింకా బోలెడు జీవితం ఉంది, ఈ నూనె మసిలోనే ఉండిపోతావా ఏంటి? ఆయన ఏదో సరదాకి అన్నాడు. ఆయన సంగతి తెలుసు కదా, శవం పక్కన కూడా జోకేస్తాడు.

దిగులు పెట్టుకోకు. వేళకి తిను.

నీ అక్క

ప్రొఫెసరమ్మగారికి బావ రాయునది: నేను బయల్దేరే ముందు డిపో మిషన్లన్నిటికీ ట్యాంకులు ఫుల్లుగా నింపి పెట్టాను. అక్టోబర్లో దించీ దించగానే తాడు లాగితే గర్జించాలి. అంచేత తమరు షెడ్డు వైపు చూడొద్దు. మీ చదువు చాలా పవర్‌ఫుల్లు, దూరం నుంచి చూసినా మిషన్ కాలిపోతుంది!


జూన్ 28

అక్కా,

ఒంటికాలి బూట్లకి నవ్వాను. మిగతాదానికి నవ్వలేదు.

"నీ పేరు మీద ఉంటే ఏం పోతుంది" అన్నావు. ఏం పోయిందో విను. తోటపని ఆయన గడ్డి మిషన్ తెచ్చాడు. నాలుగేళ్లుగా సెలవులొస్తే దాన్ని విప్పేదీ బిగించేదీ నేనే. మొన్న గుమ్మంలో నిలబడి నన్ను చూసి "నాన్నగారు లేరామ్మా? సరే, మళ్లీ వస్తాలే" అన్నాడు. మిషన్‌ని చంటిపిల్లాడిలా ఎదకి అదుముకుని వెనక్కి తీసుకుపోయాడు. అదీ పోయింది.

అది పక్కన పెట్టు. ఈ కింద రాసేది బావకి చదివి వినిపించు. ఆయన నవ్వడం అయ్యాక ఇంకోసారి వినిపించు.

నూనె కలిపిన పెట్రోలు నెలల తరబడి ట్యాంకులో ఉంటే పెట్రోలు ఎగిరిపోతుంది, మిగిలింది పాకంలా ముదురుతుంది. ఆ జిగురు కార్బురేటరులో వెంట్రుకవాసి దారులన్నీ మూసేస్తుంది. లోపల పల్చటి రబ్బరు పొర ఒకటి ఉంటుంది. అది ఎండి అప్పడంలా బిర్రబిగుస్తుంది. గొట్టాలు మెత్తబడతాయి. అక్టోబర్లో గర్జించడం కాదు, మూలగవు కూడా.

నాన్న ఎలా దాచేవాడో నీకూ తెలుసు. ట్యాంకు ఖాళీ చేసి, స్టార్టు చేసి, లోపలున్న చివరి చుక్క కూడా కాలి దానంతటదే ఆగేదాకా ఆడించేవాడు. ప్లగ్గు విప్పి, చెంచాడు నూనె పోసి, తాడు మెల్లగా లాగి, మళ్లీ ప్లగ్గు బిగించేవాడు. చైను ఊడదీసి నూనెలో పడేసేవాడు. చైను తిరిగే బారు గాడిలో చెత్త సన్న పుల్లతో గీకేవాడు. అప్పుడే మేకుకి తగిలించేవాడు. ఇప్పుడు నాన్న చేతికి పట్టు లేదు, ఆ పని నేను చేస్తాను. నాన్నకి ఒక్క మాట రాస్తే తాళంచెవి నాకిస్తాడు. ఒక్క పూట చాలు.

చేయమంటారా, వద్దంటారా? సూటిగా రాయండి.

చిట్టి


జూలై 11

చిట్టీ,

నీ ఉత్తరం ఆయనకి చదివి వినిపించాను. రెండోసారి వినిపించే అవకాశం ఇవ్వలేదు. మొదటిసారికే క్యాంపులో అందర్నీ పోగేశాడు, "మా మరదలు మిషన్లకి జాతకం రాస్తుంది, రండి" అని. నాకే సిగ్గేసింది. అయినా నువ్వు కూడా అంత పాఠం చెప్పాలా? పదిహేనేళ్లుగా ఈ పనిలో ఉన్న మనిషికి చెంచాడు నూనె సంగతి నువ్వు చెబుతావా?

ఆయన ఏమంటాడంటే, ఇదంతా తాళంచెవి కోసం ఎత్తట. నువ్వు లోపలికి వెళ్లి అన్నీ విప్పి, అక్టోబర్లో అన్నీ బాగున్నాయంటే "నేనే చేశా" అంటావట. చెడితే "నేను ముందే చెప్పా" అంటావట. నేను కాదన్నాను. అన్నాను గానీ, నాకూ అలాగే అనిపించిందే. కోపం తెచ్చుకోకు. చిన్నప్పుడు నా బొమ్మ కళ్లు పీకి, మళ్లీ నువ్వే అతికించి, నాన్నకి చూపించి మెచ్చుకోలు కొట్టేసేదానివి కదా.

ఇక్కడ కుడి కాలి బూట్లు వచ్చాయి. సైజు వేరు.

నీ అక్క

ఇది బావ స్వహస్తం. సూటిగా రాయమన్నావట కదా? రాస్తున్నా. వేలు పెట్టకు. ఒక్క స్క్రూ కూడా విప్పకు. తాళంచెవి మామయ్య జేబు దాటకూడదు. మళ్లీ దీని మీద ఉత్తరం రాయకు, పోస్టల్ డిపార్ట్‌మెంట్ నష్టాల్లో పడుతుంది.


ఆగస్టు 14

అక్కా,

బొమ్మ కళ్లు పీకింది నువ్వు. అతికించింది నేను. అదీ నా మీదే పడిందా? సరే, ఉండనీ.

బావ ఆర్డరు అందింది. తు.చ. తప్పకుండా పాటిస్తున్నాను. ఒక్క స్క్రూ విప్పలేదు, ఒక్క మేకు కదపలేదు. వాన ఆగినప్పుడల్లా షెడ్డు వెనక్కి వెళ్లి కిటికీ సందులోంచి చూసి వస్తున్నాను. మిషన్లన్నీ వరసగా వేలాడుతున్నాయి, పెళ్లివారిలా నిండు కడుపులతో. మొదట్లో పెట్రోలు వాసన వచ్చేది. ఇప్పుడు పాత వార్నిష్ డబ్బా మూత తీసినట్టుంది. ఆ వాసన పీల్చి, వచ్చి, శుభ్రంగా అన్నం తింటున్నాను. వేళకి తినమన్నావుగా.

ఇంకో సంగతి. ఆ కాలిన పెద్ద మిషన్‌ని డిపోవాళ్లు పాత ఇనుము వాడికి వేసేశారు. నా చదువు బల్ల వాడికిచ్చి, దాన్ని నేను తెచ్చుకున్నాను. బల్ల మీద ఎక్కని చదువు దీని మీద ఎక్కుతుందేమోనని. షెడ్డు లేదుగా, పెరటి మెట్ల మీద గోనె పరుచుకుని విప్పాను. పిస్టన్ ఒంటినిండా గీతలు, పులి పంజా విసిరినట్టు. సిలిండరు గోడకి అంటుకున్న లోహాన్ని తడి గరుకు కాగితంతో రోజూ కాస్త కాస్త రుద్దుతున్నాను. గోడ బతికే ఉంది. పిస్టన్, రింగులు కొత్తవి తెప్పించాను. టైలరమ్మ జనరేటరు బాగుచేసి పెట్టాను, ఆవిడిచ్చిన డబ్బుతో.

ఆ పాత పిస్టన్ మెట్టు మీద పెట్టి ఉంటే నాన్న వచ్చి పక్కన కూర్చున్నాడు. తీసుకుని బొటనవేలితో గీతలు తడిమాడు. రంపాల హోరుకి చెవుడు వచ్చిన మనిషి కదా, నేను చెవి దగ్గర అరిచాను: "చూశావా? ఉత్త పెట్రోలు! నేను పోయలేదు!"

నాన్న ఏమన్నాడో తెలుసా?

"తెలుసు" అన్నాడు. "ఆ రోజే ట్యాంకు మూత తీసి వాసన చూశాను. తెల్ల డబ్బా మూత అల్లుడి కుర్చీ కింద దొర్లుతోంది."

"మరి తాళంచెవి నా దగ్గర ఎందుకు తీసుకున్నావ్?"

"బయటివాళ్ల ముందు అల్లుడి పరువు తీస్తామా? అలిగి వెళ్లిపోతాడు. నువ్వెక్కడికి పోతావు?"

అని, పిస్టన్ నా చేతిలో పెట్టి, లుంగీ దులుపుకుని, టీ ఏదని అమ్మని అడుగుతూ లోపలికి వెళ్లాడు.

ఇన్నాళ్లూ మీరంతా నన్ను తప్పుగా అర్థం చేసుకున్నారని కుమిలిపోయాను. తప్పుగా అర్థం చేసుకున్నవాళ్లకి చెబితే అర్థమవుతుంది. సరిగ్గా తెలిసీ మోపినవాళ్లకి ఏం చెప్పాలి? నీకు ఎప్పుడు తెలుసక్కా?

చిట్టి


సెప్టెంబర్ 2

చిట్టీ తల్లీ,

నీ ఉత్తరం చూసి మనసు కుదుటపడింది. ఈసారి పోట్లాట లేదు, పాఠం లేదు. వేళకి తింటున్నావు, పాత ఇనుముతో కాలక్షేపం చేస్తున్నావు. మంచిదే, చేతులకి పని ఉంటే మనసు మళ్లుతుంది. బల్ల ఇచ్చేశావంటే బాధనిపించింది గానీ, ఉద్యోగం ఆశ వదులుకున్నావంటే ఒకరకంగా నయమేలే.

నాకెప్పుడు తెలుసని అడిగావు. ఆ రోజే తెలుసు. ఆయన ఆ రాత్రంతా నిద్రపోలేదు. నాన్న అన్నదాంట్లో తప్పేముందే? నువ్వు మా మనిషివి కాబట్టే నీ మీద వేశాం. పరాయివాళ్ల మీద వేస్తామా? ఆయన పైకి జోకులేస్తాడు గానీ లోపల భయం. నాన్న షెడ్డులోకి ఇల్లరికం వచ్చిన మనిషి, ఊళ్లో ఎవరేమన్నా గుచ్చుకుంటుంది. నీకు గుచ్చుకోవు, చిన్నప్పటి నుంచీ అంతే.

డిపో పరీక్షకి ఆయన ఒక్కడే వస్తున్నాడు. స్టోరు వదిలి నాకు రావడం కుదరదు. కాస్త ఇస్త్రీ చొక్కా చూసి పెట్టు. క్యాంపు ఈ సీజనుతో సరి, ఆ తర్వాత మాకు డిపో పనే దిక్కు. కలిసిమెలిసి ఉండండి.

నీ అక్క

ప్రొఫెసరమ్మకి ప్రమోషన్! డిపో పరీక్ష రోజు నా పక్కన నిలబడి పానాలు అందించే ఉద్యోగం ఇస్తున్నాను. ఇంటర్వ్యూ లేదు. నోరు తెరవకూడదన్నది ఒక్కటే షరతు. బావ.


అక్టోబర్ 7

అక్కా,

బావ నీకు ఏదో ఒకటి చెబుతాడు కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. చొక్కా ఇస్త్రీ చేశాను. మడతలు కత్తిలా ఉన్నాయి. అందులో లోపం లేదు.

డిపో యార్డు నీకు గుర్తుందిగా. దుంగల మధ్య మట్టి నేల, ఒక పక్క రేకుల పంచ. సీజను మొదటి రోజున మిషన్లన్నిటినీ ఒక పొడుగాటి దుంగ మీద వరసగా పెడతారు. కోతవాళ్లంతా చుట్టూ నిలబడతారు, ఎవరి మిషన్ వాళ్లది చూసుకోవాలని. ఒక్కోదానికి మూడు లాగుళ్లు. మూడింట్లో పలికితే దాచినవాడు దాచినట్టు. లేకపోతే లేదు. ఈ లెక్క నాన్న పెట్టిందేనట, మేనేజరే చెప్పాడు. నాన్నకి కుర్చీ వేసి ముందు కూర్చోబెట్టారు.

బావ మొదటిదాన్ని తీసుకున్నాడు. లాగాడు. చప్పుడు లేదు. "నిద్రమత్తు! నాలుగు నెలలు పడుకుందిగా" అన్నాడు. నవ్వారు. రెండోసారి, మూడోసారి. ఏమీ లేదు. "ఇది మా ఆవిడలాంటిది, నలుగురి ముందు పలకదు" అన్నాడు. కొందరు నవ్వారు. రెండో మిషన్. మూడో మిషన్. జోకులు అయిపోయాయి గానీ మిషన్లు ఇంకా ఉన్నాయి. ఇస్త్రీ చొక్కా వీపుకి అంటుకుపోయింది. నాలుగోదానికి తాడు తెగి చేతికి వచ్చింది. ఒక కోతవాడు ముందుకొచ్చి తన మిషన్ ట్యాంకు మూత తీసి వేలు పెట్టాడు. వేలికి జిగురు తీగ సాగింది. వాడు ఆ వేలు పైకెత్తి అందరికీ చూపించాడు.

అప్పుడు బావ నా వైపు తిరిగాడు. "చిట్టీ, ఒకసారి చూడమ్మా" అన్నాడు. అమ్మా! ప్రొఫెసరమ్మ కాదు.

నేను చేతిలో ఉన్న పానా కింద పెట్టాను. పంచలో గోనె కప్పి ఉంచినదాన్ని తెచ్చి దుంగ చివర పెట్టాను. ఆ కాలిన పెద్ద మిషన్. మొదటి లాగుడుకి దగ్గింది. రెండో లాగుడుకి పలికింది. పలకడం కాదక్కా, యార్డు దద్దరిల్లింది. నాన్న కుర్చీలోంచి లేచి వచ్చి దాని ఒంటి మీద అరచెయ్యి ఆనించి కళ్లు మూసుకున్నాడు. నేను దుంగ అంచు కోసి, ఆపాను.

మేనేజరు హ్యాండిల్ మీద సొట్ట చూసి గుర్తుపట్టాడు. "ఇది మనం పాత ఇనుముకి వేసింది కదూ? ఎవరు చేశారు?"

"నేను."

"దీన్ని పాడుచేసింది నువ్వే అన్నారే?"

"అన్నారు. పాడుచేసింది బావ. మా నాన్నకి తెలుసు, అడగండి."

బావ "అబ్బే, ఇప్పుడవన్నీ ఎందుకు..." అంటూ మధ్యలోకి వచ్చాడు. మేనేజరు అడిగేశాడు. నాన్నకి వినపడలేదు. ఇంకాస్త గట్టిగా అడిగాడు. వినపడలేదు. చివరికి చేతులు నోటికి అడ్డం పెట్టుకుని "ఆ రోజు ఉత్త పెట్రోలు పోసిందెవరు?" అని కేకపెట్టాడు. యార్డు మొత్తానికి వినపడింది. కాటా దగ్గర లారీ దించేవాళ్లు కూడా పని ఆపి తిరిగారు. నాన్న నన్ను చూశాడు. బావని చూశాడు. నేను చూపు తిప్పలేదు. చెవిటివాళ్లు గుసగుసలాడలేరు కదక్కా. "అల్లుడే!" అన్నాడు. అదీ అందరికీ వినపడింది.

ఎవరూ నవ్వలేదు.

మేనేజరు నా మీద కూడా ఎగిరాడు. "ట్యాంకులు నిండుగా ఉన్నాయని తెలిసి నాకెందుకు చెప్పలేదు?" అన్నాడు. "చెప్పాల్సినవాళ్లకి చెప్పాను, వేలు పెట్టొద్దన్నారు. మీకు చెప్పాలంటే, ఆ రోజు మీరు కూడా నవ్వారు" అన్నాను. ఆయన ఆ మిషన్లన్నీ తనే కొత్త కార్బురేటర్లు తెప్పించి వేయించుకుంటానన్నాడు, వేయడానికి నన్ను రమ్మన్నాడు. ఏడాది పని కూడా నాకే అన్నాడు.

బావ పక్క సందులోంచి ఇంటికి వెళ్లాడు. మేం వచ్చేసరికి గది తలుపు వేసుకుని ఉన్నాడు. నాకు జాలి వేస్తుందేమోనని భోజనం అయ్యేదాకా చూశాను. వేయలేదు.

ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు. నాకు ఇంట గెలిచే దారి మీరు ఉంచలేదు.

చిట్టి


అక్టోబర్ 16

చిట్టీ,

బంగారం అని రాయడానికి చెయ్యి రావడం లేదు.

నిండు యార్డులో, కన్నతండ్రి చేత, అల్లుడి పేరు చెప్పించావా? పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం. నీకు ముచ్చట తీరింది, నా సంసారం నడిరోడ్డు మీద పడింది. అక్కడ మూడు రోజులు ఆయన గది దాటి రాలేదని అమ్మ రాసింది, మొన్న ఇక్కడికి తిరిగొచ్చాక కూడా అదే తీరు. మా ఆయన జోకు వేసి ఎన్ని రోజులైందో! చీకాకు పడేదాన్ని ఆ జోకులకి. ఇప్పుడు ఒక్కటి వేస్తే బావుణ్ననిపిస్తోంది.

ముందే చెప్పానంటావు. ఒక్కసారి చెప్పావు. అదీ వెటకారంగా. నా చెల్లెలివైతే పదిసార్లు చెప్పాలి, కాళ్లు పట్టుకుని చెప్పాలి. తాళంచెవి నాన్న జేబులో ఉంటే, చొక్కా ఉతికేటప్పుడు తియ్యలేవా? కిటికీ సందులోంచి వాసన చూస్తూ కూర్చున్నావంటే, అది చెల్లెలు చేసే పనేనా?

సరే. తిట్టడం అయింది. ఇప్పుడు అడుగుతున్నాను.

క్యాంపు నెలాఖరుకి ఎత్తేస్తున్నారు. షెడ్డుకి ఇక ఎవరూ మిషన్ తీసుకురారు, తోటపని ఆయన కూడా నీ దగ్గరికే డిపోకి వస్తున్నాడట. డిపోలో నీ కింద ఒక మనిషి కావాలట. ఇటు వ్యాను ఎక్కే ముందు ఆయన వెళ్లి మేనేజరుని అడిగాడు. అవును, ఆయనే వెళ్లి అడిగాడు, ఆ యార్డులోకే, తల దించుకుని. మేనేజరు "ఆ అమ్మాయి సరేనంటే నాకు అభ్యంతరం లేదు" అన్నాడట. నీ మాటే, చిట్టీ. ఒక్క మాట. నీ కింద పని చేస్తానంటున్నాడు, ఇంతకంటే ఏం కావాలి నీకు? పానాలు అందిస్తాడు. నోరు తెరవడు. నేను హామీ.

నువ్వు మా మనిషివి. ఎంత కోపమున్నా కాదనవని నాకు తెలుసు.

అక్క

నేనే. అక్క చెప్పిందే నా మాట కూడా.


అక్టోబర్ 24

అక్కా,

ఈ ఉత్తరం ఇంటి నుంచి రాయడం లేదు. డిపో కాటా పక్కన ఒక గది ఇచ్చారు, అక్కడికి మారాను. గోడకి ఒక పక్క మిషన్లు, ఇంకో పక్క నా మంచం. మధ్యలో గట్టి బల్ల, నేనే చేయించుకున్నాను. పెట్రోలు డబ్బాలు గదిలో పెట్టనివ్వలేదు, బయట రేకుల కింద విడిగా అర కట్టించాను. అమ్మ పరుపు తెచ్చి, గదంతా చూసి, "ఇక్కడ గాలి బాగానే వస్తోందే" అని ఏడ్చింది. నాన్న గుమ్మం దాకా వచ్చి ఆగాడు. లోపలికి రమ్మని నేను అరవలేదు.

నీ ఉత్తరానికి జవాబు.

పదిసార్లు ఎందుకు చెప్పలేదన్నావు. మొదటిసారి చెప్పినప్పుడు క్యాంపు అంతా పోగై నవ్వింది. మిగతా తొమ్మిదిసార్లకి టిక్కెట్టు పెట్టేవాడు బావ. చొక్కా ఉతికేటప్పుడు తాళంచెవి తియ్యలేవా అన్నావు. తియ్యగలను. దొంగ అన్న పేరు కూడా నా మీద రాసుకోవడానికి మీకు చోటు మిగిలిందని అప్పుడే తెలుసు. కిటికీలోంచి వాసన చూడటం చెల్లెలి పనేనా అన్నావు. కాదు. నా పేరు మీద తప్పు రాసుకున్న రోజున నేను ఎవరి చెల్లెల్నో మీరెవరూ అడగలేదు.

నేను కక్షతో చేశాననుకుంటున్నావు. నిజమే. ఈసారైనా నన్ను సరిగ్గా చదివావు. ఒక్కొక్క మిషన్ పలకనప్పుడల్లా నాకు ఒంట్లోకి ప్రాణం వచ్చినట్టయింది. నాన్న "అల్లుడే" అన్న ఆ క్షణం మళ్లీ వస్తే, మళ్లీ అలాగే నిలబడి వింటాను. బావకి భయం ఉందని, రాత్రి నిద్ర లేదని రాశావు. ఉండొచ్చు. ఆ నిద్ర లేని రాత్రి తెల్లారాక వచ్చి నాతో ఒక్క ముక్క చెప్పి ఉంటే మీ వ్యాను దాకా వచ్చి చెయ్యి ఊపేదాన్ని. ఇప్పటికీ చెప్పలేదు. ఆఖరి ఉత్తరంలో కూడా నీ కొంగు చాటు నుంచే రాశాడు.

మా మనిషివి, కాదనవు అన్నావు. ఆ మాట మీద మీరు ఇంటినిండా చాలా సామాను పేర్చుకున్నారు.

మేనేజరు నిన్న పొద్దున కొత్త కార్బురేటర్ల పెట్టె తెచ్చి బల్ల మీద పెట్టి, మీ బావని పెట్టుకుందామా అనడిగాడు. వద్దని చెప్పాను.

చిట్టి